వేళ తెలిసిన దేహం

మనిషి దేహం రోజంతా ఒకే తీరుగా ఉండదు. తెల్లవారుజామున నాలుగైదు గంటల వేళ దేహ ఉష్ణోగ్రత బాగా తగ్గి, సాయంత్రానికి దాదాపు ఒక డిగ్రీ దాకా పెరుగుతుంది. నిద్ర లేవబోయే ముందే రక్తంలో కార్టిసాల్ హార్మోన్ పెరిగి దేహాన్ని రోజుపనికి సిద్ధం చేస్తుంది. పొద్దు గూకాక మెలటోనిన్ హార్మోన్ ఊరడం మొదలై రాత్రి వచ్చిందని అవయవాలన్నిటికీ కబురు చేరుస్తుంది. రక్తపోటు, ఇన్సులిన్, జీర్ణరసాలు, మూత్రపిండాల పని, రోగాలతో పోరాడే తెల్లకణాల కదలిక కూడా దాదాపు 24 గంటలకు ఒకసారి పెరిగి తగ్గుతుంటాయి. ఈ లయను శాస్త్రజ్ఞులు సర్కేడియన్ రిథమ్ అంటారు. దీన్ని లోపలినుంచి నడిపే యంత్రాంగానికి జీవగడియారమని పేరు.

ఆరోగ్యం అనగానే ఎంత తిన్నాం, ఎంతసేపు నిద్రపోయాం, ఎంత నడిచాం అని లెక్కలు వేసుకుంటాం. ఆ పనులు ఏ వేళలో చేశామన్నది కూడా అంతే ముఖ్యమని గత యాభై ఏళ్ల పరిశోధనలు తేల్చాయి. వేళ తప్పిన నిద్ర, వేళ తప్పిన భోజనం, రాత్రంతా వెలిగే దీపాలు ఏళ్ల తరబడి కొనసాగితే బరువు, షుగరు, గుండెజబ్బు, మానసిక సమస్యల ముప్పు పెరుగుతుంది.

చింతాకు నుంచి గుహల దాకా

చింతచెట్టు, నిద్రగన్నేరు ఆకులు సందెవేళ ముడుచుకుని తెల్లవారాక విచ్చుకోవడం పల్లెల్లో అందరూ చూసేదే. అలెగ్జాండర్ దండయాత్రలో పాల్గొన్న ఆండ్రోస్థెనిస్ క్రీస్తు పూర్వం 4వ శతాబ్దంలో, నేటి బహ్రెయిన్ దీవిలో ఒక చెట్టు ఆకులు ఇలాగే ముడుచుకోవడం చూసి రాసిపెట్టాడు. అది చింతచెట్టేనని పండితుల అభిప్రాయం. ఎండ వస్తే విచ్చుకుంటున్నాయి, పోతే ముడుచుకుంటున్నాయి అని ఆ తర్వాత రెండు వేల ఏళ్ల పాటు అందరూ సరిపెట్టుకున్నారు.

1729లో ఫ్రెంచ్ ఖగోళ శాస్త్రవేత్త జాన్ జాక్ దోర్తూ ద మెరాన్ ఆ నమ్మకాన్ని పరీక్షకు పెట్టాడు. అత్తిపత్తి జాతి మొక్కను వెలుతురు చొరని చోట ఉంచాడు. ఎండ తగలకపోయినా ఆకులు పగటివేళ విచ్చుకుని రాత్రివేళ ముడుచుకుంటూనే ఉన్నాయి. పొద్దు సంగతి మొక్కకు లోపలినుంచే తెలుస్తోందని చెప్పిన తొలి ఆధారం అది.

మనిషి మీద ఇలాంటి పరీక్షలు 20వ శతాబ్దంలో మొదలయ్యాయి. 1938లో షికాగో విశ్వవిద్యాలయానికి చెందిన నిద్రాశాస్త్రజ్ఞుడు నథానియెల్ క్లైట్‌మన్ తన శిష్యుడితో కలిసి అమెరికాలోని మమత్ గుహలో 32 రోజులు ఉన్నాడు. 28 గంటలను ఒక రోజుగా చేసుకుని బతకడానికి ఇద్దరూ ప్రయత్నించారు. వయసులో చిన్నవాడైన శిష్యుడు కొంత అలవాటు పడ్డాడు. క్లైట్‌మన్ దేహం మాత్రం 24 గంటల లయను విడిచిపెట్టలేదు. 1962లో ఫ్రెంచ్ భూగర్భ శాస్త్రవేత్త మిషెల్ సిఫ్ర్ చేతిగడియారం లేకుండా ఆల్ప్స్ పర్వతాల గుహలో రెండు నెలలు గడిపాడు. సెప్టెంబరు 14న పైకి తీసుకొచ్చేసరికి అతని లెక్కలో అది ఇంకా ఆగస్టు 20. రోజుల లెక్క అంతగా తప్పినా, అతని నిద్ర, మెలకువల చక్రం మాత్రం 24 గంటలకు కాస్త పైన నిలకడగా సాగిందని నమోదుల్లో తేలింది. జర్మనీలో యుర్గెన్ ఆషాఫ్ నేలమాళిగ గదులు కట్టించి వందలమంది మీద ఇలాంటి పరిశీలనలే చేశాడు. మన దేశంలో ఈ శాస్త్రానికి పునాది వేసిన ఎం.కె.చంద్రశేఖరన్ మదురై కామరాజ్ విశ్వవిద్యాలయంలో గుహల గబ్బిలాల లయలను పరిశీలించడంతో పాటు మనుషుల కోసం ప్రత్యేక ఏకాంత గది ఏర్పాటు చేశారు.

మనిషి గడియారం నిడివి సగటున 24 గంటల 11 నిమిషాలని 1999లో హార్వర్డ్ శాస్త్రజ్ఞుడు చార్లెస్ జైస్లర్ బృందం లెక్క తేల్చింది. ఆ పైనున్న కొద్ది నిమిషాలను ఏ రోజుకారోజు సరిచేసే పని సూర్యుడి వెలుగుది. ఆ వెలుగు అందకపోతే గడియారం రోజురోజుకూ కొంచెం వెనక్కి జారుతుంది.

కణంలో తిరిగే చక్రం

గడియారం ఉందని తెలిశాక, అది దేనితో తయారైందన్న ప్రశ్న మిగిలింది. 1971లో అమెరికాలోని కాల్టెక్ సంస్థలో సైమర్ బెంజర్, రొనాల్డ్ కొనోప్కా మాగిన పండ్ల మీద ముసిరే చిన్న ఈగల్లో మూడు వింత రకాలను గుర్తించారు. ఒక రకానికి రోజు 19 గంటలే. మరో రకానికి 28 గంటలు. మూడో రకానికి లయే లేదు. ఈ మూడు తేడాలకూ మూలం ఒకే జన్యువులో ఉంది. దానికి పీరియడ్ అని పేరు పెట్టారు. 1984లో జెఫ్రీ హాల్, మైఖేల్ రోస్బాష్ ఒకచోట, మైఖేల్ యంగ్ మరోచోట ఆ జన్యువును విడదీసి చూపారు. ఆ తర్వాతి ఏళ్లలో అది పనిచేసే తీరును విప్పి చెప్పారు. ఈ కృషికి ముగ్గురికీ 2017లో వైద్యశాస్త్రంలో నోబెల్ బహుమతి దక్కింది.

మనిషి కణాల్లోనూ ఇదే సూత్రం పనిచేస్తుంది. క్లాక్, బీమాల్1 అనే రెండు ప్రోటీన్లు కలిసి పీరియడ్, క్రిప్టోక్రోమ్ జన్యువులను మేల్కొలుపుతాయి. ఆ జన్యువుల నుంచి ప్రోటీన్లు తయారై గంటల తరబడి కణంలో పోగవుతాయి. తగినంత పోగయ్యాక అవి కణకేంద్రకంలోకి వెళ్లి, తమను పుట్టించిన క్లాక్, బీమాల్1లనే అడ్డుకుంటాయి. దాంతో కొత్త ప్రోటీన్ల తయారీ ఆగుతుంది. ఉన్నవి క్రమంగా కరిగిపోతాయి. అడ్డు తొలగగానే చక్రం మళ్లీ మొదటికొస్తుంది. ఒక చుట్టు పూర్తి కావడానికి పట్టే కాలం దాదాపు 24 గంటలు. ఈ జన్యువుల్లో చిన్న మార్పు వచ్చినా జీవితం తీరు మారుతుంది. సాయంత్రం ఏడెనిమిదికే నిద్ర ముంచుకొచ్చి, తెల్లవారుజామున మూడు నాలుగింటికే మెలకువ వచ్చే ఒక అమెరికన్ కుటుంబంలో పీరియడ్2 జన్యువు మారి ఉందని 2001లో కనుగొన్నారు.

పెద్ద గడియారం, చిన్న గడియారాలు

మెదడు అడుగుభాగంలో, రెండు కళ్ల నుంచి వచ్చే నాడులు ఒకదాన్నొకటి దాటే చోటికి సరిగ్గా పైన సుప్రాకయాస్మాటిక్ న్యూక్లియస్ అనే చిన్న నాడీకణాల గుంపు ఉంది. అందులోని కణాలు 20 వేలకు అటూ ఇటూ. దేహానికి ఇదే పెద్ద గడియారం. దీన్ని తొలగిస్తే ఎలుకల్లో నిద్రకూ మెలకువకూ వేళాపాళా లేకుండా పోతుందని 1972లో తెలిసింది. 1990లో మార్టిన్ రాల్ఫ్ బృందం ఒక హ్యామ్‌స్టర్ నుంచి ఈ గుంపును తీసి ఇంకోదాని మెదడులో అమర్చింది. పుచ్చుకున్న జంతువు ఇచ్చిన జంతువు లయలోనే నడవడం మొదలుపెట్టింది. లయ ఉన్న చోటు ఇదేనని ఆ ప్రయోగం అనుమానానికి తావు లేకుండా చెప్పింది.

గుండె, కాలేయం, క్లోమం, కండరాలు, కొవ్వు, చర్మం ఇలా దాదాపు ప్రతి అవయవంలోని కణాలకూ సొంత గడియారాలున్నాయి. జాతరలో డప్పు దరువుకు అందరి అడుగులూ కలిసినట్టు, ఇవన్నీ మెదడులోని పెద్ద గడియారంతో జత కలిసి నడవాలి. ఎలుకల్లో ప్రోటీన్లను తయారుచేసే జన్యువుల్లో 43 శాతం ఏదో ఒక అవయవంలో 24 గంటల లయను పాటిస్తున్నాయని 2014లో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయ పరిశోధన తెలిపింది. వేళ లెక్క దేహంలో ఎంత లోతుకు వెళ్లిందో ఆ సంఖ్యే చెబుతుంది.

పెద్ద గడియారానికి బయటి పొద్దును తెలియజేసేది కన్ను. బొమ్మను చూపించే కణాలు కాక, వెలుతురు ఎంత ఉందో కొలిచే ప్రత్యేక కణాలు కంటి రెటీనాలో ఉన్నాయి. మెలనాప్సిన్ అనే వర్ణకం వీటి ఆయువుపట్టు. అది నీలి వెలుగుకు ఎక్కువగా స్పందిస్తుంది. 1998లో ఈ వర్ణకాన్ని, 2002లో ఆ కణాలు పనిచేసే తీరును గుర్తించారు. చూపు పూర్తిగా పోయినా ఈ కణాలు మిగిలి ఉన్న కొందరు అంధుల్లో గడియారం సవ్యంగానే నడుస్తుంది. కంటినుంచి ఏ వెలుగూ మెదడుకు చేరనివారిలో చాలామందికి నిద్రవేళ రోజూ కొంచెం కొంచెం జరుగుతూ, కొన్ని వారాలు రాత్రిపూట, కొన్ని వారాలు పగటిపూట నిద్ర ముంచుకొస్తుంది.

వెలుతురును లక్స్‌లలో కొలుస్తారు. ఆరుబయట ఎండలో అది లక్ష లక్స్ దాకా ఉంటుంది. మబ్బు పట్టిన రోజున కూడా వేలల్లో ఉంటుంది. ఆఫీసు గదిలో సాధారణంగా 300 నుంచి 500 లక్స్ మించదు. కళ్లు వెంటనే సర్దుకుపోతాయి గనుక ఈ తేడా మనకు తెలియదు. జీవగడియారానికి మాత్రం స్పష్టంగా తెలుస్తుంది. పగలంతా గదిలో, రాత్రంతా ట్యూబ్‌లైట్ల కింద గడిపేవారి గడియారానికి పగలు మసకగా, రాత్రి వెలుగుగా అనిపించి లయ బలహీనపడుతుంది.

మెదడులోని పీనియల్ గ్రంథి చీకటిపడ్డాకే మెలటోనిన్‌ను విడుదల చేస్తుంది. ఈ హార్మోన్‌ను 1958లో యేల్ విశ్వవిద్యాలయానికి చెందిన ఆరన్ లెర్నర్ బృందం వేరుచేసింది. కళ్ల మీద బాగా వెలుతురు పడితే దాని విడుదల ఆగిపోతుంది. పడుకునే ముందు వెలుగు చిమ్మే తెర మీద నాలుగేసి గంటలు చదివినవారికి, అచ్చు పుస్తకం చదివినవారికంటే మెలటోనిన్ లయ గంటన్నర ఆలస్యమైందని 2015లో ప్రచురితమైన ఒక అమెరికన్ ప్రయోగం చూపించింది.

వయసును బట్టి నిద్ర

పుట్టిన బిడ్డకు రాత్రి, పగలు తేడా తెలియదు. రెండు మూడు నెలలు నిండేసరికి లయ ఏర్పడుతుంది. పసితనంలో తొందరగా పడుకుని తొందరగా లేచే పిల్లలు యుక్తవయసుకు వచ్చేసరికి మారిపోతారు. మెలటోనిన్ ఊరే సమయం ఆలస్యమై, రాత్రి పదకొండు దాటితే గాని నిద్ర రాదు, పొద్దున్న ఒక పట్టాన మెలకువ రాదు. ఇది దేహధర్మం. బద్ధకమనో మొండితనమనో పిల్లల్ని తిట్టడం అన్యాయం. ఇరవై ఏళ్లు దాటాక ఈ ధోరణి మెల్లగా వెనక్కి మళ్లుతుంది. ముసలితనంలో లయ బలం తగ్గి నిద్ర పలచబడుతుంది, కోడికూతకు ముందే మెలకువ వచ్చేస్తుంది.

యుక్తవయసు పిల్లలకు 8 నుంచి 10 గంటల నిద్ర కావాలి. అమెరికా పిల్లల వైద్యుల సంఘం 2014లో హైస్కూళ్లు ఉదయం 8.30 కంటే ముందు మొదలుపెట్టవద్దని సిఫారసు చేసింది. సియాటిల్ నగరం 2016లో హైస్కూలు వేళను 7.50 నుంచి 8.45కు జరిపింది. విద్యార్థుల నిద్ర సగటున 34 నిమిషాలు పెరిగింది. తెలుగు రాష్ట్రాల్లో ఇంటర్ చదివే పిల్లల పరిస్థితి ఇందుకు పూర్తిగా విరుద్ధం. చాలా రెసిడెన్షియల్ కాలేజీల్లో తెల్లవారుజామున ఐదింటికే స్టడీ అవర్ మొదలై రాత్రి పది, పదకొండు దాకా సాగుతుంది. పగటిపూట చదివింది మెదడులో పదిలపడేది నిద్రలోనే. నిద్ర కోసిన గంటల్లో అదనంగా చదివిన చదువు ఆ పిల్లలకు దక్కకుండానే పోతుంది.

మనుషులందరి గడియారాలూ ఒకే వేళ చూపవు. కొందరికి తెల్లవారుజామునే మెదడు చురుకు, కొందరికి రాత్రి పది దాటాక. ఇందులో జన్యువుల పాత్ర చాలా ఉంది. పనిరోజుల్లో అలారం పెట్టుకుని లేచి, సెలవురోజున మధ్యాహ్నం దాకా పడుకోవడాన్ని జర్మన్ శాస్త్రజ్ఞుడు టిల్ రోనెన్‌బర్గ్ సోషల్ జెట్‌లాగ్ అన్నాడు. విమానం ఎక్కకుండానే వారం వారం దేహం దూరదేశానికి పోయి వచ్చినట్టు అలసిపోతుంది.

భోజనానికీ ఒక వేళ

మెదడులోని గడియారానికి వెలుతురు ఎలాగో, కాలేయంలోని గడియారానికి భోజనం అలాగ. ఎలుకలకు అవి నిద్రపోయే వేళలోనే తిండి పెడితే, మెదడు గడియారం కదలకపోయినా కాలేయం గడియారం తిండివేళకు తిరిగిపోతుంది. అప్పుడు ఒకే దేహంలో రెండు వేళలు నడుస్తాయి.

ఒకే భోజనాన్ని ఉదయం తిన్నప్పటికంటే రాత్రి పొద్దుపోయాక తిన్నప్పుడు రక్తంలో చక్కెర ఎక్కువగా పెరుగుతుంది. రాత్రివేళ ఇన్సులిన్ పనితనం తగ్గుతుంది. మెలటోనిన్ పెరిగిన సమయంలో క్లోమం ఇన్సులిన్‌ను తగినంతగా వదలదు. 2009లో బోస్టన్‌లో ఫ్రాంక్ షీర్ బృందం పదిమందిని ప్రయోగశాలలో ఉంచి వారి నిద్రను, భోజనాన్ని జీవగడియారానికి ఎదురు తిప్పింది. కొద్ది రోజుల్లోనే వారి రక్తంలో చక్కెర పెరిగింది, ఆకలిని అదుపులో ఉంచే లెప్టిన్ తగ్గింది, రక్తపోటు ఎక్కింది. ఆరోగ్యంగా ఉన్నవారిలోనే కొందరి చక్కెర మధుమేహానికి ముందుదశ స్థాయిని చేరింది.

దేశంలో 10 కోట్ల మందికి పైగా మధుమేహులున్నారని 2023లో వెలువడిన ఐసీఎంఆర్ ఇండియాబ్ అధ్యయనం అంచనా వేసింది. రాత్రి పది దాటాక కడుపునిండా అన్నం తిని వెంటనే పడుకునే అలవాటు మన ఇళ్లలో సాధారణమైపోయింది. నగరాల్లో అర్ధరాత్రి బిర్యానీ సరదాగా మారింది. షుగరు ఉన్నవారు ఏం తినాలన్నదాంతో పాటు ఎన్నింటికి తింటున్నామన్నది కూడా చూసుకోవడం అవసరం.

రోజులో ఎనిమిది పది గంటల వ్యవధిలోనే తినడం వల్ల లాభముంటుందన్న మాట ఇటీవల బాగా వినిపిస్తోంది. కొవ్వు ఎక్కువున్న తిండిని ఎనిమిది గంటల్లోనే తిన్న ఎలుకలు, అదే తిండిని రోజంతా తిన్నవాటిలా లావెక్కలేదని 2012లో అమెరికాలోని సాల్క్ సంస్థలో సచ్చిదానంద పాండా బృందం చూపింది. మనుషుల్లో ఫలితం అంత సూటిగా రాలేదు. చైనాలో 139 మంది ఊబకాయులను ఏడాది పాటు గమనించిన అధ్యయనం 2022లో వెలువడింది. కేలరీలు తగ్గించి ఎప్పుడైనా తిన్నవారికీ, కేలరీలు తగ్గించి ఎనిమిది గంటల్లోనే తిన్నవారికీ బరువు తగ్గడంలో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. వేళ పాటించడం మంచిదే. ఎక్కువ తినడానికి మాత్రం అది విరుగుడు కాదు.

గుండె, ఊపిరి, మందు

ఆరోగ్యవంతుల్లో రక్తపోటు నిద్రలో 10 నుంచి 20 శాతం తగ్గుతుంది. రాత్రి తగ్గనివారికి గుండెజబ్బు, పక్షవాతం ముప్పు ఎక్కువ. తెల్లవారేసరికి రక్తపోటు, గుండె వేగం పెరుగుతాయి, రక్తం గడ్డకట్టే గుణం కూడా ఎక్కువవుతుంది. గుండెపోట్లు ఉదయం ఆరు నుంచి మధ్యాహ్నం లోపు ఎక్కువగా వస్తాయని 1985లో అమెరికా పరిశోధకులు గుర్తించారు. అందుకు కారణం ఇదే. తెల్లవారుజామున ఛాతీనొప్పి వస్తే గ్యాస్ అనుకుని పొద్దెక్కేదాకా ఆగడం ప్రమాదం. వెంటనే 108కి ఫోన్ చేయాలి.

అమెరికా, ఐరోపా దేశాల్లో వసంతకాలంలో గడియారాలను గంట ముందుకు జరుపుతారు. ఆ తర్వాతి వారంలో గుండెపోట్లు కాస్త పెరుగుతున్నాయని 2008లో స్వీడన్ గణాంకాలు చూపించాయి. ఒక్క గంట నిద్ర కోత కూడా బలహీనమైన గుండెకు భారమే.

ఉబ్బసం ఉన్నవారికి ఆయాసం తెల్లవారుజామునే ఎక్కువ. ఆ వేళకు శ్వాసనాళాలు సన్నబడతాయి, కార్టిసాల్ తక్కువగా ఉంటుంది. స్టెరాయిడ్ మాత్రలను సాధారణంగా ఉదయమే వేసుకోమనడం దేహంలో కార్టిసాల్ సహజంగా పెరిగే వేళను అనుసరించే. కొలెస్ట్రాల్‌ను కాలేయం రాత్రిపూట ఎక్కువగా తయారుచేస్తుంది కాబట్టి, తక్కువసేపు పనిచేసే సింవాస్టాటిన్‌ను రాత్రి వేసుకోమంటారు. ఎక్కువసేపు పనిచేసే అటోర్వాస్టాటిన్‌కు ఆ పట్టింపు లేదు. బీపీ మాత్ర రాత్రి వేసుకుంటేనే మేలన్న ప్రచారం కొంతకాలం గట్టిగా సాగింది. బ్రిటన్‌లో 21 వేలమందికి పైగా పాల్గొన్న టైమ్ అధ్యయనం 2022లో ఆ ప్రశ్నకు జవాబిచ్చింది. ఉదయం వేసుకున్నా సాయంత్రం వేసుకున్నా గుండెపోటు, పక్షవాతం విషయంలో తేడా లేదు. మర్చిపోకుండా రోజూ ఒకే వేళకు వేసుకోవడమే ముఖ్యం. డాక్టరును అడగకుండా మందు వేళను సొంతంగా మార్చుకోకూడదు.

నైట్ డ్యూటీ

ఆసుపత్రుల్లో నర్సులు, పోలీసులు, రైల్వే సిబ్బంది, సింగరేణి గనుల్లో, విశాఖ ఉక్కు కర్మాగారంలో షిఫ్టుల కార్మికులు, అమెరికా పనివేళలకు సరిపోయేలా రాత్రిళ్లు పనిచేసే హైదరాబాద్ ఐటీ ఉద్యోగులు, అందరూ దేహం పడుకోమనే వేళలో మేల్కొని ఉండేవారే. ఏళ్లు గడిచినా వీరిలో ఎక్కువమంది గడియారం పూర్తిగా తిరగబడదు. పొద్దున్న డ్యూటీ దిగి ఇంటికి వచ్చే దారిలో ఎండ తగలగానే మెదడు పగలని లెక్క వేస్తుంది. సెలవురోజున ఇంటిల్లిపాదితో పాటు పగలు మేలుకుంటే కుదిరిన కాస్త మార్పూ చెదిరిపోతుంది. పగటి నిద్ర రాత్రి నిద్ర కంటే గంటో రెండు గంటలో తక్కువ. ఎండ, చప్పుళ్లు, ఇంటిపనులు దాన్ని మరింత కోస్తాయి. రాత్రి పనిచేసి వచ్చి పగలు వంట, పిల్లల పనీ చూసుకునే ఆడవారికి ఈ భారం రెట్టింపు.

ఏళ్ల తరబడి రాత్రిపని చేసేవారిలో టైప్ 2 మధుమేహం, ఊబకాయం, గుండెజబ్బు, జీర్ణకోశ సమస్యలు ఎక్కువగా కనిపిస్తున్నాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2007లో జీవగడియారాన్ని చెదరగొట్టే షిఫ్టు పనిని, క్యాన్సర్‌కు బహుశా కారణం కాగల వాటి జాబితాలో చేర్చింది. 2019లో మళ్లీ పరిశీలించి రాత్రి షిఫ్టును అదే వర్గంలో ఉంచింది. నైట్ డ్యూటీ చేసినవారందరికీ క్యాన్సర్ వస్తుందని దీని అర్థం కాదు. ముప్పు ఉందని నమ్మడానికి తగిన ఆధారాలున్నాయని, తేల్చి చెప్పడానికి ఇంకా కావాలని అర్థం. ఆ తొలి ప్రకటన తర్వాత డెన్మార్క్, దీర్ఘకాలం రాత్రిపని చేసి రొమ్ము క్యాన్సర్ బారినపడిన కొందరు మహిళలకు పరిహారం చెల్లించింది.

రాత్రి రెండు నుంచి ఐదు గంటల మధ్య మెదడు చురుకు అడుగంటుతుంది. ఆ వేళ స్టీరింగ్ పట్టుకున్న డ్రైవరుకు రెండు మూడు సెకన్ల కునుకు తెలియకుండానే పట్టేస్తుంది. ఆంధ్రప్రదేశ్ పోలీసులు హైవేల మీద వాహనాలను ఆపి డ్రైవర్లతో ముఖం కడిగించి పంపడం ఈ ప్రమాదాన్ని ఎరిగే. చన్నీళ్లు, టీ మత్తును కాసేపే తోలతాయి. బండి పక్కకు ఆపి ఇరవై నిమిషాలు పడుకోవడమే అసలు మందు.

సముద్రాలు దాటే నిద్ర

అమెరికాలో చాలాచోట్లకూ భారత్‌కూ మధ్య వేళ తేడా ఊరినీ రుతువునూ బట్టి తొమ్మిదిన్నర నుంచి పదమూడున్నర గంటలు. బిడ్డల దగ్గరికి వెళ్లిన తల్లిదండ్రులు వారం దాటినా అర్ధరాత్రి లేచి కూర్చోవడం, పట్టపగలు తూగడం తెలిసిందే. జీవగడియారం రోజుకు సుమారు ఒక గంట మాత్రమే జరగగలదు. మనిషి గడియారం 24 గంటలకు కాస్త పైనే గనుక రోజును సాగదీసే పడమటి ప్రయాణం సులువు, కుదించే తూర్పు ప్రయాణం కష్టం. చేరిన ఊరి పొద్దు ప్రకారమే తినడం, పగటివేళ ఆరుబయట తిరగడం, రాత్రి చీకట్లో పడుకోవడం కోలుకునే కాలాన్ని తగ్గిస్తాయి. షుగరుకు ఇన్సులిన్ తీసుకునేవారు డోసు వేళల గురించి ప్రయాణానికి ముందే డాక్టరును కలవాలి.

పొద్దు, మనసు

ఉత్తరాన ఉన్న దేశాల్లో చలికాలం పగలు బాగా కురచ. ఆ నెలల్లో కొందరిని ఏటా దిగులు, అతినిద్ర, తీపి మీద యావ పట్టుకుంటాయి. 1984లో అమెరికా మానసిక వైద్యుడు నార్మన్ రోసెంతాల్ బృందం దీన్ని రుతువులతో వచ్చే డిప్రెషన్‌గా వివరించింది. రోజూ ఉదయం అరగంట పాటు 10 వేల లక్స్ దీపం ముందు కూర్చోబెట్టడం దీనికి నిరూపితమైన చికిత్స. కెనడాలో, ఐరోపాలో స్థిరపడిన తెలుగువారు ఈ లక్షణాలను గుర్తుంచుకోవడం మంచిది. బైపోలార్ జబ్బు ఉన్నవారికి నిద్రవేళలు చెదరడమే తరచుగా జబ్బు తిరగబెట్టడానికి నాంది అవుతుంది. వారి విషయంలో వేళకు నిద్ర, మందుతో సమానం.

గడియారాన్ని సరిదిద్దుకోవడం

ఇందుకు ఖర్చేమీ లేదు, క్రమం ఉంటే చాలు. ఏ వేళకు పడుకున్నా రోజూ ఒకే వేళకు లేవడం మొదటి మెట్టు. లేచిన గంటలోపు అరగంట ఆరుబయట వెలుతురులో గడపాలి. వాకిట్లో మొక్కలకు నీళ్లు పోసినా, పాలప్యాకెట్ కోసం నడిచివెళ్లినా సరిపోతుంది. రాత్రి భోజనం పడుకోవడానికి రెండు మూడు గంటల ముందే ముగించాలి. కాఫీలోని కెఫీన్‌లో సగం దేహంలోంచి పోవడానికే సుమారు ఐదు గంటలు పడుతుంది కాబట్టి మధ్యాహ్నం రెండు దాటాక తాగకపోవడం మేలు. పడుకునే ముందు గంటసేపు దీపాలు తగ్గించి, ఫోను పక్కన పెట్టాలి. పగటి కునుకు అరగంట దాటకూడదు. మెలటోనిన్ మాత్రలు డాక్టరు చెబితేనే, చెప్పిన వేళకే వేసుకోవాలి. తప్పు వేళలో వేసుకుంటే గడియారం తప్పు దిక్కుకే జరుగుతుంది.

నైట్ డ్యూటీ తప్పనివారు డ్యూటీకి ముందు గంటన్నర పడుకోవడం, అర్ధరాత్రి భారీ భోజనం మానడం, ఇంటికి వచ్చేటప్పుడు నల్ల కళ్లద్దాలు పెట్టుకోవడం, మందపాటి తెరలు వేసిన గదిలో నిద్రపోవడం మంచిది. పగలు ఆ గది తలుపు తట్టకుండా, ఫోను చేయకుండా ఇంట్లోవాళ్లు సహకరించాలి. ఎనిమిది గంటలు పడుకున్నా నెలల తరబడి అలసట తీరకపోతే, గట్టిగా గురక వస్తుంటే నిద్ర సమస్యలు చూసే డాక్టరును సంప్రదించాలి.

మనిషి ఒక్కడి క్రమశిక్షణతోనే అన్నీ చక్కబడవు. షిఫ్టులు వేసే యాజమాన్యం, స్టడీ అవర్లు పెట్టే కాలేజీ, పరీక్షల వేళలు నిర్ణయించే బోర్డు కూడా ఈ శాస్త్రాన్ని లెక్కలోకి తీసుకోవాలి. షిఫ్టులు ఉదయం, సాయంత్రం, రాత్రి అనే వరుసలో ముందుకు జరగాలి. రాత్రి డ్యూటీకీ తర్వాతి డ్యూటీకీ మధ్య నిండు నిద్రకు సరిపడా విరామం ఇవ్వాలి. రాత్రి పనిచేసేవారికి ఏటా షుగరు, బీపీ పరీక్షలు ఉచితంగా చేయించాలి. ఎదిగే పిల్లల నిద్రలో గంట కూడా కోయని టైంటేబుల్ వేయాలి. తమ పిల్లలకు రాత్రి ఎన్ని గంటల నిద్ర దొరుకుతోందో, కాలేజీలో చేర్చే ముందే తల్లిదండ్రులు నిలదీసి అడగాలి.